మిరప కల్లంలో రన్‌వే

విమానం నడపడం నేను బ్రాడీపేటలో, మా భోజనాల బల్ల దగ్గర నేర్చుకున్నాను. ఒక పక్క కుక్కరు విజిల్ వేస్తూ ఉంటుంది. కిటికీ కింద కోచింగ్ సెంటర్ వదిలిన పిల్లలు స్కూటర్ల హారన్లు మోగిస్తూ ఉంటారు. నేను కంప్యూటర్ తెర మీద పచ్చటి మైదానంలో ఒక చిన్న విమానాన్ని లేపి, చుట్టూ తిప్పి, దించుతూ ఉంటాను. కూలిపోతే ఒక మీట నొక్కాలి. అదే విమానం పెళ్ళికూతురిలా ముస్తాబై మళ్ళీ రన్‌వే మీద నిలబడుతుంది. ఎందుకు కూల్చావని అడగదు. మా ఇంట్లో ఇంత మర్యాద తెలిసిన వస్తువు ఇంకోటి లేదు.

నన్ను ఇందులోకి దింపింది మా మరిది. దర్శి దగ్గర పల్లెలో మిరప, పత్తి వేస్తాడు. పంటకీ పంటకీ మధ్య ఖాళీ దొరికితే థర్మాకోల్ షీట్లు కోసి, జిగురు పెట్టి, టేపు చుట్టి, రేడియోతో ఎగిరే విమానాలు చేస్తాడు. రెక్కలు చాపితే గుమ్మంలోంచి పక్కకి తిప్పి తీసుకెళ్ళాల్సినంత ఉంటాయి. ఒక వేసవిలో అది మా పొలం మీద గిరికీలు కొడుతుంటే చూసి, నాకూ ఒకసారి ఇవ్వమన్నాను.

"ఇదేమన్నా మిక్సీనా వదినా, మీట తిప్పి వదిలేయడానికి" అన్నాడు.

"మిక్సీ అయితే నీకు చేతనవుతుందా ఏంది" అన్నాను.

"అది కాదు వదినా. ముందు సిమ్యులేటర్ మీద ఓ ఆర్నెల్లు నేర్చుకో. తర్వాత చూద్దాం."

ఈ 'తర్వాత చూద్దాం' అనేది మా అత్తగారింట్లో వంశపారంపర్యంగా వచ్చే మాట. మా మామగారు పక్కా ఇల్లు కట్టించే విషయంలో అనేవారు. మా ఆయన ప్రతి విషయంలోనూ అంటారు. దాని అర్థం 'నువ్వు మర్చిపోయేదాకా' అని. నాకు మరుపు తక్కువ. గుంటూరు రాగానే మా ఆయన చేత ఆ సిమ్యులేటర్ తెప్పించి, కంప్యూటర్‌కి తగిలించే పెట్టె, విమానాన్ని తిప్పే రెండు పుల్లలున్నది, కూడా కొనిపించాను. అచ్చం మరిది చేతిలో ఉండేలాంటిదే. దాన్ని రిమోట్ అంటే మరిదికి కోపం. ట్రాన్స్‌మిటర్ అనాలట. టీవీ మార్చేది రిమోట్, ఇది ట్రాన్స్‌మిటర్.

నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ ట్యూషన్ చెబుతాను. రెక్క ఎందుకు లేస్తుందో బోర్డు మీద బాణాలు గీసి చూపించగలను. ఆ బాణాలు తెర మీద విమానానికి ఎందుకూ పనికిరాలేదు. అన్నిటికంటే ఏడిపించింది అది నాకు ఎదురుగా వచ్చేటప్పుడు. నా నుంచి దూరంగా వెళ్తున్నంతసేపూ నా కుడి దాని కుడి. మొహం ఇటు తిప్పిందంటే నా కుడి దాని ఎడమ. కుడికి తిప్పుదామనుకుంటాను, అది ఎడమకి పోయి చెట్టుకి కొట్టుకుంటుంది. చివరికి ఒక సూత్రం పట్టుకున్నాను. ఎదురొచ్చేటప్పుడు ఏ రెక్క కిందికి వాలుతుందో, పుల్ల ఆ వైపుకే తోయాలి. పడిపోయేవాడికి భుజం కింద చెయ్యి పెట్టినట్టు. అది ఒంటికి పట్టాక ఇక చెట్లు బతికిపోయాయి.

రెండో చిక్కు, ఎత్తు. తెర మీద బొమ్మ బొమ్మే కదా, నేల ఎంత దూరమో కంటికి తెలియదు. అందుకని విమానాన్ని చూడటం మానేసి దాని నీడని చూడటం అలవాటు చేసుకున్నాను. నీడా విమానమూ దగ్గరకొస్తున్నాయంటే నేల దగ్గరకొస్తోందన్నమాట. రెండూ కలిశాయా, చక్రాలు నేలని తాకాయి. అది ఆగీ ఆగకముందే ఎడమ చేత్తో కీబోర్డు మీద మీట నొక్కేసి మళ్ళీ మొదటికి. ఈ రెండో అలవాటు సంగతి తర్వాత వస్తుంది.

మాఘమాసంలో మరిది తొలికోత కాయలు మిర్చి యార్డుకి తెచ్చాడు. టిక్కీలు, అంటే మిరప బస్తాలు, యార్డులో దింపించి భోజనానికి మా ఇంటికి వచ్చాడు. కంచం ముందు కూర్చోగానే నేను విమానం ఎత్తి, ఎదురుగా రప్పించి, గడ్డి మీద వెన్నముద్దలా దించి చూపించాను. ఆయన ముక్కు మీద వేలేసుకుంటాడనుకున్నాను.

"బాగానే ఉంది గానీ" అన్నాడు, ముద్దపప్పులో నెయ్యి పోసుకుంటూ. "నీడ చూసి దించుతున్నావు. అది కాపీ కొట్టి పాసవడం."

"నువ్వు కాపీ కొట్టకుండా పాసవ్వు చూద్దాం" అని పెట్టె ఇచ్చాను.

ఆయన ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చెయ్యి తుడుచుకుని, నిజం విమానాన్ని ఎగరేసినంత ధీమాగా లేపాడు. మొదటి మలుపులోనే నేలకి కొట్టాడు. మళ్ళీ లేపాడు. ఈసారి చెట్టు. ఆ తర్వాత షెడ్డు. తర్వాత ఏమీ లేని ఖాళీ మైదానంలో, ఎందుకు కూలిందో దానికే తెలియనట్టు కూలింది. నేను నవ్వాను. నవ్వవలసిన దానికంటే కాస్త ఎక్కువసేపే నవ్వానని మా ఆయన తర్వాత అన్నారు.

"గాలి లేదు దీంట్లో" అన్నాడు మరిది.

"ఎందుకు లేదు. ఇదిగో, ఇక్కడ జరిపితే గాలి పెరుగుతుంది."

"ఆ గాలి విమానానికి తగులుద్ది. నాకు తగలద్దా? చెంపకి గాలి తగిలితేనే నా చెయ్యి కదిలేది. మోత వినపడాల. మలుపులో మోటారు గొంతు మారుద్ది, దాన్నిబట్టి నేను పుల్ల లాగుతా. ఇదేంది, టీవీలో భోజనం చూసినట్టు."

"ఆడలేక మద్దెల ఓడు అన్నారు."

"సరే వదినా. మద్దెల నా దగ్గరుంది. కల్లానికి రా. అక్కడ వాయించు."

అంతే, పందెం పడింది. షరతులు భోజనం బల్ల దగ్గరే ఖాయమయ్యాయి. మరిది కొత్తగా చేసిన ఎర్ర విమానాన్ని నేను నడపాలి. చెక్కుచెదరకుండా దింపితే ఆ విమానం మీద నాకూ సమానహక్కు. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎగరేసుకోవచ్చు, అడగక్కర్లేదు, 'తర్వాత చూద్దాం' వినక్కర్లేదు. ఏ ముక్క విరిగినా, మళ్ళీ మిరప కోతలదాకా నేను మరిదితో ఏ విషయంలోనూ వాదించకూడదు. ఆయన ఏదంటే అది ఔననాలి.

మా ఆయన చెయ్యి కడుక్కుంటూ తమ్ముడి వంక జాలిగా చూశారు. "ఒరేయ్, విమానం సంగతి నాకు తెలియదు గానీ, ఆ రెండోది మాత్రం ఎవరివల్లా కాదురా. పెళ్ళైనప్పట్నుంచీ నేనే పెట్టలేకపోయాను ఆ షరతు."

"కాయలు కల్లం మీద ఉన్నాయి. ఎత్తిందాకా ఆగుదాం" అన్నాడు మరిది.

"ఎందుకు, ఈలోపు నువ్వు ప్రాక్టీస్ చేసుకోవడానికా?" అన్నాను. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఈ కథ లేదు.

ఆ ఆదివారమే వెళ్ళాం. కల్లం నిండా కాయలు ఆరబోసి ఉన్నాయి. నల్లరేగడి మధ్య అంత ఎరుపు చూస్తే ఎన్నిసార్లు చూసినా కళ్ళు ఒకసారి చిట్లించాల్సిందే. పట్టలు పరిచి, మళ్ళు మళ్ళుగా పోసి, మధ్యలో మనుషులు తిరిగి కాయలు తిరగేయడానికి ఒక బాట వదులుతారు. ఆ బాటే మా మరిది రన్‌వే. చుట్టూ ఉన్న పత్తి చేలలో పత్తి తీసేశాక మోళ్ళు నిలబడి ఉన్నాయి, వాటి మీద దిగితే రెక్కలు చిల్లులు పడతాయి. సిమ్యులేటర్‌లో మైదానం తుళ్లూరు వైపు రాజధానికిచ్చిన పొలాల్లా ఉంటుంది. వెడల్పాటి రోడ్డు, చుట్టూ ఖాళీ, కనుచూపు మేర మనిషి కనపడడు. ఇక్కడ చూస్తే బాటకి అటూ ఇటూ ఆడవాళ్ళు ముక్కుకి గుడ్డలు కట్టుకుని రంగు చెడిన తాలుకాయలు ఏరుతున్నారు. మా అత్తగారు పందిరి కింద నులకమంచం మీద కూర్చుని వాళ్ళనీ, కాయల్నీ, ఆకాశాన్నీ ఒకేసారి కనిపెడుతున్నారు.

"కాయలు ఎత్తిందాకా ఆగకూడదంటమ్మాయ్?" అన్నారు నన్ను చూసి.

"బాట ఉందిగా అత్తయ్యా. బాట మీదే దించుతాను."

"బాట మీద గొడ్డే సరిగ్గా నడవదు."

ఆడవాళ్ళలో పెద్దావిడ ముక్కు మీది గుడ్డ కిందికి లాగి, "ఏందమ్మా, దీంట్లో ఎక్కి పోతావా?" అంది.

"నేను ఇక్కడే ఉంటా. అదొక్కటే పోతుంది."

"మరి నువ్వెందుకు?" అంది ఆవిడ. ఫిజిక్స్ ట్యూషన్లో కూడా ఎవరూ నన్ను అంత చిక్కు ప్రశ్న అడగలేదు.

మరిది ట్రాన్స్‌మిటర్ నా చేతిలో పెట్టి, విమానాన్ని పొట్ట దగ్గర పట్టుకుని గాలికి ఎదురుగా విసిరాడు. ముక్కున ఉన్న పంకా ఒక్కసారి గీపెట్టింది. ఆ మోతకే నేను ఒక అడుగు వెనక్కి వేశాను. సిమ్యులేటర్‌లోనూ మోత ఉంటుంది, కానీ అది స్పీకర్‌లోంచి వచ్చే మోత. దాన్ని తగ్గించుకోవచ్చు. ఇది కోపంగా ఉన్న మోత.

పైకి లేచింది. లేచాక మాత్రం, నిజం చెప్పాలి, భోజనాల బల్ల దగ్గర ఎన్ని మధ్యాహ్నాలు కూర్చున్నా ఆ సంతోషం దొరకదు. తెర మీద విమానం ఎక్కడికెళ్ళినా తెర మధ్యలోనే ఉంటుంది, చూపు దాని వెంటే పోతుంది. ఇక్కడ ఆకాశానికి అంచు లేదు. మెడ ఎత్తి, పాదాలు జరుపుకుంటూ నేనే దాని చుట్టూ తిరగాలి. చీర కుచ్చిళ్ళు కాళ్ళకి అడ్డం పడుతున్నాయి. కాస్త దూరం పోగానే అది గువ్వంత అయింది, ఇంకాస్త పోగానే ఆవగింజంత. వస్తోందా పోతోందా తెలియడం లేదు.

"వస్తోందా పోతోందా?" అని అడిగాను.

"సిమ్యులేటర్‌లో చెప్పదా అది?" అన్నాడు మరిది. ఇలాంటి సమయంలో ఇలాంటి మాటలు అనేవాడితో పందెం గెలవడం ధర్మమని నాకు అప్పుడే అనిపించింది.

తిప్పాను. ఎదురుగా వచ్చింది. ఎడమ రెక్క వాలింది. పుల్ల ఎడమకే తోశాను. భుజం కింద చెయ్యి పెట్టినట్టు నిలబడింది. మా ఆయన ఫోన్లో వీడియో తీస్తూ, "ఏరా, గొంతు పోయిందా?" అని తమ్ముణ్ణి అడిగారు.

రెండు చుట్లు తిప్పి దించడానికి వచ్చాను. మోటారు తగ్గించాను. బాట మొదట్లోకి వచ్చాక అది దిగనంది. నేలకి జానెడు ఎత్తున ఎవరో అరచేతిలో పెట్టుకున్నట్టు తేలిపోతూ, బాట మొత్తం దాటి అవతలికి పోయింది. నేను మళ్ళీ లేపాను.

"కల్లం వేడి" అన్నాడు మరిది. "ఎర్రటి ఎండకి పట్టలు కాలినయ్యి కదా. కింద నుంచి ఆవిరి ఎగదన్నుద్ది. ఇడ్లీపాత్ర మీద మూత లేచినట్టు లేపుద్ది. అది నీ కంప్యూటర్‌లో లేదు."

"ముందే చెప్పొచ్చుగా."

"చెబితే వాదిస్తావని."

రెండోసారి ఇంకాస్త తొందరగా మోటారు తగ్గించి, ముందు నుంచే దించుకుంటూ వచ్చాను. కాయల మళ్ళ మీదికి వచ్చింది. వచ్చి మాయమైంది.

ఇది ఎవరి బుర్రకీ తట్టని సంగతి. మరిది ఆ విమానానికి ఎర్ర టేపు ఎందుకు చుట్టాడంటే నల్లరేగడి మీదా, నీలం ఆకాశం మీదా బాగా కనపడుతుందని. ఆయన ఎగరేసేదంతా పంట లేనప్పుడు, కల్లం ఖాళీగా ఉన్నప్పుడు. మిరపకాయలు పరిచిన కల్లంలో ఎర్ర విమానాన్ని ఈ భూప్రపంచంలో మాకంటే ముందు ఎవరూ దించి ఉండరు. అంత బుద్ధితక్కువ వాళ్ళు ఇంకెక్కడా దొరకరు.

"ఏది? ఏదీ?" అంటున్నాడు మరిది. ఆయన గొంతులో మొదటిసారి కంగారు వినపడింది. చెంపకి తగిలే గాలి, మోటారు గొంతు, అన్నీ ఉన్నాయి ఆయనకి. విమానమే కనపడటం లేదు.

నేను విమానం కోసం వెతకలేదు. నాకు దానితో ఎప్పుడూ పని లేదు. నీడ కోసం చూశాను. ఎర్రటి కాయల మీద నల్లటి నీడ, రెక్కలు చాపుకుని, బాట వైపు జారుతూ వస్తోంది. నీడకి కాస్త పైన, కళ్ళు చిట్లించి చూస్తే, పంకా మెరుపు. రెండూ దగ్గరకొస్తున్నాయి. పుల్ల ఒక్క పిసరు వెనక్కి లాగాను. కలిశాయి. చక్రాలు బాటని తాకాయి.

ఇక్కడితో ఆపితే నేను చరిత్రకెక్కేదాన్ని.

దిగిన విమానం బాట మీద కొంత పరుగెత్తి, కొంచెం పక్కకి ఒరిగి, కాయల మడిలోకి ముక్కు దూర్చి ఆగింది. ఆగగానే నా ఎడమ చెయ్యి, ఇన్నాళ్ళ అలవాటు కొద్దీ, ట్రాన్స్‌మిటర్ వదిలేసి పక్కన కీబోర్డు మీట కోసం వెతికింది. కల్లంలో కీబోర్డు ఎక్కడుంటుంది. ఆ ఎడమ బొటనవేలి కిందే మోటారు పుల్ల ఉంటుంది. అది వదిలేస్తే తనంతట తాను కిందికి రాదు, పెట్టిన చోటే ఉంటుంది. మోటారు తిరుగుతూనే ఉంది. ముక్కున ఉన్న పంకా, గలగలలాడుతున్న ఎండుకాయల్లో, దంపుడు మొదలుపెట్టింది.

విమానాన్ని గాలికి ఎదురుగా దించాలన్నది శాస్త్రం. శాస్త్రప్రకారమే దించాను. అంటే అది గాలికి ఎగువన ఉంది, మేము దిగువన ఉన్నాం. ఎర్రటి మేఘం ఒకటి లేచి తిన్నగా మా మీదికి వచ్చింది. సిమ్యులేటర్‌లో గాలి ఉంటుంది, వాన ఉంటుంది, మంచు కూడా ఉంటుందట. మిరప ఘాటు లేదు.

మొదటి తుమ్ము మా ఆయనది. ఆ వీడియోలో అక్కడి నుంచి ఆకాశం, పంచె అంచు, నేల మాత్రమే కనపడతాయి. మరిది కళ్ళు మూసుకుని, రెండు చేతులూ చాపి, "తగ్గించు వదినా, పుల్ల తగ్గించు" అని అరుస్తూ నన్ను వెతుకుతున్నాడు. నేను తుమ్ముకీ తుమ్ముకీ మధ్య "ఏ పుల్ల" అంటున్నాను. కళ్ళు మండి కన్నీళ్ళు కారుతున్నాయి. ఆ పెట్టె ఎవరి చేతిలో ఉందో కూడా తెలియని స్థితిలో ఎలాగో మా నాలుగు చేతుల్లో ఏదో ఒకటి పుల్లని కిందికి లాగింది. మోత ఆగింది. అప్పుడు వినపడింది ఆడవాళ్ళ నవ్వు. ముక్కుకి గుడ్డ కట్టుకున్నవాళ్ళకి ఎంత తీరిక.

"మరి నువ్వెందుకు అన్నా కదా" అంది పెద్దావిడ. "ఇందుకన్నమాట."

మొహాలు కడుక్కున్నాక, కళ్ళు తెరుచుకున్నాక, విమానాన్ని మడిలోంచి తీసి మంచం మీద పెట్టాం. రెక్కలు, తోక, చక్రాలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. కాయల మెత్తదనానికి ఒక గీత కూడా పడలేదు. పంకా మాత్రం పసుపు రంగు మిరప గింజలు అంటుకుని పెళ్ళి తలంబ్రాలు పోసినట్టుంది.

"గెలిచాను" అన్నాను. గొంతు పట్టేసి కీచుమంటోంది.

"అది దిగడం కాదు వదినా, దూరడం" అన్నాడు మరిది, ముక్కు తుడుచుకుంటూ.

"షరతు ఏంది? చెక్కుచెదరకుండా అన్నావు. చెక్కు చూపించు, చెదిరింది చూపించు."

"కాయలు నాశనం చేశావు."

"కాయల సంగతి షరతులో లేదు."

తగవు అత్తగారి దగ్గరికి పోయింది. ఆవిడ విమానాన్ని ఒక రెక్క పట్టుకుని, కోడిని తిరగేసి చూసినట్టు తిరగేసి చూశారు. తర్వాత లేచి మడి దగ్గరికెళ్ళి, నుజ్జైన కాయలు గుప్పెడు తీసి చూశారు.

"దీనికి దెబ్బ తగల్లేదురా. పెద్దకోడలే గెలిచింది" అన్నారు. నేను మరిది వంక చూసేలోపు, "దెబ్బ నా కాయలకి తగిలింది" అన్నారు. "నలిగినవి ఏరి పక్కన పెట్టిందాకా ఇద్దరికీ అన్నాల్లేవు. నీ విమానం, ఆ పిల్ల చెయ్యి. కూర్చోండి."

అట్లా గెలిచిన నేనూ ఓడిన మరిదీ ముక్కులకి తువ్వాళ్ళు కట్టుకుని ఎదురెదురుగా మడి పక్కన కూర్చున్నాం. మా ఆయన నిష్పక్షపాతంగా మంచం మీద పడుకున్నారు.

"ఒకటి ఒప్పుకో వదినా" అన్నాడు మరిది, ముక్కలు ఏరుతూ. "ఆ మీట అలవాటు వల్లే ఇదంతా. తప్పు చేస్తే మళ్ళీ మొదటికి పోవచ్చనుకునే చెయ్యి అది. నిజం విమానం మీద నేర్చుకున్నోడు దిగినాక ముందు మోటారు ఆపుతాడు."

"నువ్వు ఒకటి ఒప్పుకో. నిజం విమానం మీద నేర్చుకున్నవాడు ఇవాళ దాన్ని పత్తి మోళ్ళలో దించేవాడు. నీకు అది కనపడనే లేదు. నీడ చూసి దించడం కాపీ అన్నావు."

"కాపీనే."

"కాపీ కొట్టి ఫస్ట్ క్లాసు వచ్చింది."

ఆ మధ్యాహ్నమంతా అట్లాగే సాగింది. గొంతు కీచుమంటున్నా నేను ఆపలేదు. అంత కష్టపడి నిలబెట్టుకున్న వాదించే హక్కు కదా, వెంటనే వాడుకోకపోతే ఎట్లా. సిమ్యులేటర్‌లో ఎన్నిసార్లు కూలినా భయం నేర్పదు అన్నాడు మరిది. భయం లేకుండా వెయ్యిసార్లు చేశాను గనకే భయమేసినప్పుడు చెయ్యి దారి తప్పలేదు అన్నాను. మరి ఎడమ చెయ్యో అన్నాడు. అక్కడ నేను కాసేపు కాయలు ఏరాను.

నలిగిన కాయలు అమ్మకానికి పనికిరావు. మా అత్తగారు వాటిని ఎండబెట్టి, ఉప్పూ వెల్లుల్లీ వేసి దంపించి, రెండిళ్ళకీ పంచారు. ఆ ఏడాదంతా మా ఇంట్లో తిన్నది ఆ కారమే. బాగా కుదిరింది, ఇడ్లీలోకి మరీ. మరిది గుంటూరు వచ్చినప్పుడల్లా ఇప్పుడు ముందు సిమ్యులేటర్ దగ్గర కూర్చుని ఒకట్రెండు విమానాలు కూల్చి, తర్వాత భోజనానికి లేస్తాడు. నీడ చూడటం కూడా మొదలుపెట్టాడు, నేను చూడటం లేదనుకుని. పోయినసారి ఇడ్లీ మీద కారం చల్లుకుని, మా ఆయనతో, "ఇది మన విమానం పట్టిన కారం అన్నయ్యా" అన్నాడు.

"విమానం కాదు, పైలెట్ పట్టింది" అన్నాను వంటింట్లోంచి.

"పైలెట్ చెయ్యి పుల్ల మీద లేదు కదా వదినా ఆ టైములో" అన్నాడు.

దానికి జవాబు నా దగ్గర ఉంది. చెయ్యి తీశాను గనకే నీ ఇడ్లీలోకి ఈ కారం వచ్చిందని, ఆయనకి ఇంకో రెండు వేసి మరీ చెప్పాను.